ఏం పెడుతున్నావమ్మా పిల్లకి?

మా వంటింటి గుమ్మం చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి. ప్రతి ఏడూ పుట్టినరోజు నాడు మా పాపని అక్కడ నిలబెట్టి, తల మీద స్కేలు ఆనించి గీత గీయడం మాకు అలవాటు. పదో ఏటి గీతకీ పదకొండో ఏటి గీతకీ మధ్య నా చిటికెన వేలు కూడా పట్టదు. అది 2022. ఆ ఏడాది పొడుగునా నేను విన్న ప్రశ్న ఒక్కటే. "ఏం పెడుతున్నావమ్మా పిల్లకి?"

ఖమ్మం నుంచి అత్తయ్య ఫోన్లో అడిగింది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పొరుగావిడ అడిగింది. స్కూల్లో టీచరు అడిగింది. ఆస్పత్రిలో బరువు చూసే నర్సు అడిగింది. చివరికి డాక్టరుగారూ అడిగారు. ఆయన "ఏం పెడుతున్నారమ్మా" అని మర్యాదగానే అడిగారు. కానీ ఆ మర్యాద నాకొక్కదానికే దక్కింది. పక్క కుర్చీలో కూర్చున్న పాప తండ్రి వైపు ఆయన తలైనా తిప్పలేదు. పిల్ల ఎదగకపోతే జవాబుదారీ తల్లి. ఎదిగితే మాత్రం అది వంశం పోలిక!

నా సొంత గోడు వెళ్ళబోసుకోడానికి ఇది రాయడం లేదు. ఈ ప్రశ్న వల్ల మా పాప ఎదుగుదలలో ఏడాదికి పైగా కాలం పోయింది. ఆ కాలం ఎక్కడికి పోయిందో లెక్క చెప్పమని అడగడానికి రాస్తున్నాను.

మా పాపకి మూడో ఏట, 2014లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. ఎప్పుడూ దగ్గు, ఎంత తిన్నా జిడ్డుగా పోయే విరేచనాలు, ముద్దు పెట్టుకుంటే పెదవులకి తగిలే ఉప్పు. చెమటలో క్లోరైడ్ 60 దాటితే ఈ జబ్బని అనుకోవాలి. మా పాపకి అంతకంటే చాలా ఎక్కువే ఉంది. 1989లో కనిపెట్టిన ఒక జన్యువులో లోపం దీనికి మూలం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే బిడ్డకి జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మాది మేనరికం. అత్తయ్య స్వయానా మా నాన్నకి అక్క. అయినా ఆవిడ అన్నమాట వినండి: "మా వంశంలో ఇలాంటి రోగాలు ఎవరికీ లేవమ్మాయ్." అత్తయ్యా, మీ పుట్టింటి వంశమే నా వంశం కదా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మేనరికం చేసేటప్పుడు ఇద్దరిదీ ఒకే రక్తం. బిడ్డకి జబ్బు చేసేసరికి ఆ రక్తం ఒక్క కోడలిదే అయిపోతుంది.

ఈ జబ్బుని ఊపిరితిత్తుల జబ్బుగానే అందరూ చెప్పుకుంటారు. కానీ దీనికా పేరు పెట్టింది ఊపిరితిత్తుల్ని చూసి కాదు. డొరోతీ ఆండర్సన్ అనే అమెరికన్ డాక్టరు 1938లో దీన్ని మొదటిసారి సమగ్రంగా వర్ణించింది. సర్జన్ కావాలనుకుంటే ఆడదానివని చోటివ్వకపోతే పాథాలజీలోకి వెళ్ళి, న్యూయార్క్ పిల్లల ఆస్పత్రిలో శవపరీక్షలు చేసింది. వేరే జీర్ణకోశ వ్యాధితో చనిపోయారని రాసేసిన పిల్లల శరీరాల్లో, తిత్తులుగా మారి గట్టిపడిన క్లోమాల్ని చూసింది. 49 మంది పిల్లల వివరాలు పోగేసి "క్లోమపు సిస్టిక్ ఫైబ్రోసిస్" అంది. అంటే పేరులోనే క్లోమం ఉంది. చిక్కటి స్రావాలు గొట్టాల్లో అడ్డుపడి క్లోమం లోపల్లోపలే పాడైపోతుంది. ముందు తిండిని అరిగించే రసాలు ఆగిపోతాయి. అందుకే మా పాప ప్రతి ముద్దకీ ముందు ఎంజైమ్ గొట్టాలు మింగుతుంది. తర్వాత, ఏళ్ళ తరబడి, అదే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలూ తగ్గిపోతూ వస్తాయి.

ఇన్సులిన్ అనగానే మనకి షుగరే గుర్తొస్తుంది. మన హైదరాబాద్‌లో ఇంటికొకరు షుగర్ వాళ్ళు కదా! కానీ ఇన్సులిన్ చేసే పని రక్తంలో చక్కెర తగ్గించడం ఒక్కటే కాదు. తిన్నదాన్ని కండగా, కొవ్వుగా, ఎముకగా మలిచేది కూడా అదే. అది చాలనప్పుడు శరీరం తన కండని తానే కరిగించుకుంటుంది. మన భాషలో దీనికి చక్కటి మాటుంది, ఒంటపట్టడం. తిన్నది ఒంటపట్టించేదే ఇన్సులిన్. 1922 డిసెంబరు 15న తీసిన ఒక ఫోటోలో, డయాబెటిస్‌తో ఎముకల గూడై, ఒకావిడ చేతుల్లో ఉన్న మూడేళ్ళ పిల్లవాడు కనిపిస్తాడు. అప్పటి బరువు 15 పౌండ్లు, 7 కిలోలైనా లేడు. ఇన్సులిన్ మొదలుపెట్టాక 1923 ఫిబ్రవరి 15 నాటికి 29 పౌండ్లు. రెండు నెలల్లో దాదాపు రెట్టింపు! మధ్యలో మారింది తల్లి వంట కాదు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. 2022లో నాకు తెలియదు. మా పాప ఎప్పటికంటే ఎక్కువ తింటోంది. అయినా బరువు 26 కిలోల దగ్గర ఆగిపోయింది. మేము చూపించుకునే ఆస్పత్రిలో పరగడుపు షుగర్ చూశారు, బాగానే ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేశారు, "బోర్డర్" అన్నారు. భోజనం తర్వాత ఒకసారి అనుకోకుండా చూస్తే 230 వచ్చింది. వెంటనే నన్ను డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి చేతిలో పెద్దవాళ్ళ షుగర్ కోసం అచ్చేసిన కాగితముంది. అన్నం తగ్గించండి, నెయ్యి మానేయండి, బంగాళాదుంప వద్దు, మామిడిపండు వద్దు, కొర్రలూ రాగులూ పెట్టండి. "మీరు బాగా తీపి అలవాటు చేసినట్టున్నారు మేడం" అని కూడా అంది. అంతకు ముందు తక్కువ పెట్టినందుకు దోషిని. ఇప్పుడు ఎక్కువ పెట్టినందుకు దోషిని. ఒకే నెలలో!

నేను ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి అక్షరాలా పాటించాను. మామూలు పిల్లల కంటే ఎక్కువ కేలరీలు, ఎక్కువ కొవ్వు తినాల్సిన నా బిడ్డ పళ్ళెంలోంచి నేనే నెయ్యి తీసేశాను. వాడిపోయిన మొహంతో అది కొర్రన్నం కెలుకుతుంటే "నీ మంచికేనమ్మా" అన్నాను. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. దగ్గు పెరిగింది. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఆడదు.

నాకు నిజం ఎక్కడ తెలిసిందో చెబితే నవ్వుతారు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, రాత్రి పది దాటాక. అమెరికా ఆరోగ్య బీమా క్లెయిముల ప్రోగ్రాముల్ని పరీక్షించడం నా ఉద్యోగం. 2015 అక్టోబరు నుంచి వాళ్ళు ఐసిడి-10 కోడ్లు వాడుతున్నారు. అందులో సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి ఇ84. అది నాకెలాగూ కంఠతా వచ్చు. ఆ రాత్రి ఇ08 అనే కోడు నియమాలు సరిచూస్తున్నాను. "వేరే జబ్బు వల్ల వచ్చిన డయాబెటిస్" అని దాని అర్థం. ముందు అసలు జబ్బు కోడు వేయాలి అని కింద రాసి, ఉదాహరణల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరిచ్చారు. మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది. అమెరికాలో గుమాస్తాలకి కూడా తెలిసేలా ఒక కోడుండేంత మామూలు సంగతిది! ఇన్నేళ్ళుగా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న నాతో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. ఈ జబ్బున్న కౌమార వయసు పిల్లల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి, పెద్దవాళ్ళలో 40 నుంచి 50 శాతం మందికి డయాబెటిస్ వస్తుంది. ఇందులో పరగడుపు షుగర్ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. మూడు నెలల సగటు పరీక్ష దీన్ని పట్టుకోలేదు. అందుకే పదేళ్ళు నిండినప్పటి నుంచీ ఏడాదికోసారి గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూడాలని 2010లోనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అక్కడి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. డయాబెటిస్ అని పేరు పడడానికి కొన్నేళ్ళ ముందు నుంచే బరువూ ఊపిరి బలమూ జారిపోతుంటాయి. దీనికి మందు ఇన్సులిన్, తిండి తగ్గించడం కాదు. నెయ్యీ అన్నమూ మానకూడదు, వాటికి సరిపడా ఇన్సులిన్ ఇవ్వాలి.

ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నన్ను ఏం పెడుతున్నావని అడగలేదు. "ఎప్పటి నుంచి బరువు ఆగింది?" అని అడిగింది. గ్లూకోజు తాగించి చూస్తే పరగడుపున 92, గంటకి 260, రెండు గంటలకి 214. భోజనానికి ముందు ఇన్సులిన్ మొదలుపెట్టాం. ఎనిమిది నెలల్లో నాలుగున్నర కిలోలు పెరిగింది. మళ్ళీ మామిడిపండు తింది. ఇన్సులిన్ మంత్రం కాదు. ఊపిరితిత్తుల జబ్బుని నయం చేయదు. డయాబెటిస్ అని తేలకముందే ఇవ్వాలా వద్దా అన్నదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఆ తగువు నేను తీర్చలేను. నేనడిగేది అంతకంటే చిన్నది. ఆ రెండు గంటల పరీక్ష ఎందుకు చేయలేదు? అది ఖరీదైన పరీక్షేం కాదు. గర్భిణులకి ప్రతి ఊళ్ళో చేసేలాంటిదే. దానికంటే చవకైనది ఇంకొకటుంది కాబట్టి చేయలేదు. తల్లిని తప్పుపట్టడానికి పైసా ఖర్చు కాదు, మిషను అక్కర్లేదు, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు.

"ఇది వైద్యుల పత్రికకి రాయాల్సింది కదా, మనకెందుకు?" అని ఒక మిత్రురాలు అంది. మనకే ఎందుకో చెబుతాను. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో తమ రోగుల లెక్క ఒకటి ప్రచురించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పాటు డయాబెటిస్ కూడా ఉన్న స్త్రీల మధ్యస్థ ఆయుర్దాయం సుమారు 31 ఏళ్ళు. డయాబెటిస్ లేని స్త్రీలకీ, ఉన్నా లేకున్నా మగవాళ్ళకీ 47 లేదా అంతకంటే ఎక్కువ. పదహారేళ్ళ తేడా! ఇలాంటి తేడా కనపడగానే "ఆడవాళ్ళ శరీరమే అంత, హార్మోన్లు" అనేయడం సులువు. హార్మోన్ల పాత్ర ఉండొచ్చు, కాదనను. కానీ అదే విశ్వవిద్యాలయం నుంచి 2009లో వచ్చిన లెక్కల్లో, డయాబెటిస్ ఉన్న స్త్రీలకీ పురుషులకీ మధ్య మరణాల తేడా కనిపించకుండా పోయింది. మధ్యలో స్త్రీల శరీరం మారలేదు. ప్రతి ఏడూ పరీక్ష చేయడం, ముందుగా పట్టుకోవడం, గట్టిగా ఇన్సులిన్ ఇవ్వడం మొదలయ్యాయి. ప్రకృతి అనుకున్నదాంట్లో ఎంత భాగం అశ్రద్ధో దీన్నిబట్టి చూడండి.

మన ఇళ్ళలో ఆ అశ్రద్ధకి ముద్దుపేర్లున్నాయి. "ఆడపిల్ల కదా, సన్నగా ఉంటేనే బావుంటుంది." "పొట్టిగా ఉంటే సంబంధం కుదర్చడం తేలిక." మగపిల్లాడు తరగతిలో అందరికంటే పొట్టిగా ఉంటే ఇల్లంతా డాక్టరు దగ్గరికి కదులుతుంది. ఆడపిల్ల ఎదగకపోతే నాజూకు. ఆ నాజూకుదనం పన్నెండేళ్ళు దాటాక ఒక్కసారిగా ఇంకో ప్రశ్న అయిపోతుంది. "ఇంకా పెద్దమనిషి కాలేదా?" అప్పుడు గానీ ఆ శరీరం గురించి ఎవరికీ తొందర పుట్టదు. అది కూడా బిడ్డ ఎదుగుదల కోసం కాదు.

ఇదంతా కారున్న వాళ్ళ కష్టమని కొట్టేయకండి. మా ఇంటి కిటికీలోంచి చూస్తే కట్టే భవనాలే. వాటి కింద రేకుల గుడిసెల్లో కూలీల పిల్లలు. వాళ్ళలో ఒక పిల్లకి ఇదే జబ్బుంటే ఏమవుతుంది? అంగన్‌వాడీలో తూకం వేస్తారు, బరువు తక్కువ అని రాస్తారు, బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. నెల తర్వాత మళ్ళీ తూకం. పెరగకపోతే "ప్యాకెట్ పిల్లకి పెట్టకుండా ఇంట్లో అందరూ తింటున్నారు" అని ఆ తల్లి మీద ఇంకో నింద. ఆకలి మన దేశంలో నిజం. పోషకాహార లోపాన్నంతటినీ జబ్బుగా మార్చేయమని నేననను. కానీ తినీ ఎదగని పిల్లలూ ఉన్నారు. పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ జబ్బు కోసం పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం మనకి లేదు. ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకి రాదు అని చాలాకాలం నమ్మారు. వెతకని చోట ఏదీ కనపడదు మరి. డొరోతీ ఆండర్సన్ పిల్లలు వేరే జబ్బు పేరుతో చనిపోయినట్టే, మన పిల్లలు న్యుమోనియా పేరుతో, క్షయ పేరుతో, పోషకాహార లోపం పేరుతో పోతున్నారు. ఆ పేర్ల వెనక ఒక్కో తల్లి జీవితాంతం తనదే తప్పనుకుని బతుకుతోంది.

2021లో మన కేంద్ర ప్రభుత్వం అరుదైన జబ్బుల విధానం ప్రకటించింది. అందులో సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరు రెండు చోట్ల ఉంది. ఎంజైములతో సరిపెట్టేది రెండో గుంపులో, జన్యులోపం మీద పనిచేసే ఖరీదైన మందుది మూడో గుంపులో. 2022లో సాయాన్ని 50 లక్షల వరకు పెంచారు. మన నగరంలో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, పంజాగుట్టలోని నిమ్స్ కలిపి ఒక ప్రత్యేక కేంద్రం. బాగుంది. కానీ 2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల మాత్ర ధర అక్కడ ఏడాదికి 3 లక్షల డాలర్లు దాటింది. జీవితాంతం వేసుకోవాల్సిన మందుకి 50 లక్షలు ఎన్నాళ్ళొస్తాయి? ఆ మాత్ర తాలూకు క్లెయిములు మా ఆఫీసు కంప్యూటర్లలో రోజూ పాసవుతుంటాయి. నా బిడ్డకి కొనలేని మందు బిల్లు సక్రమంగా చెల్లిందో లేదో చూసి నేను జీతం తీసుకుంటాను. 2023 ఫిబ్రవరిలో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, ఉక్రెయిన్‌లలోనూ ఈ పిల్లల కుటుంబాలు ఆ కంపెనీ గుత్తాధిపత్యాన్ని సవాలు చేశాయి. ఆ పోరాటం మనది కూడా కావాలి. అయితే ఆ మందు వచ్చేదాకా ఇన్సులిన్ ఆగక్కర్లేదు కదా. అది వందేళ్ళ పాత మందు, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

ఇక చాకిరీ సంగతి. పొద్దున్న ఊపిరితిత్తులకి ఆవిరి మందు, వీపు మీద తట్టడం, ముద్దముద్దకీ గొట్టాల లెక్క, ఇప్పుడు భోజనానికో సూది, వేసవిలో ఉప్పు నీళ్ళు. ఇదంతా చేసి రాయదుర్గం ట్రాఫిక్‌లో పడి ఆఫీసు చేరాలి. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు, ఆఫీసుల్లో శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టమన్నారు. సంతోషం. పుట్టిన బిడ్డ జబ్బు పడుతుందని ఆ చట్టం రాసిన వాళ్ళకి తోచలేదా? ఆస్పత్రిలో బిడ్డ పక్కన రెండు వారాలుండడానికి తల్లికి గానీ తండ్రికి గానీ హక్కుగా సెలవేదీ? మా మేనేజరు "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగాడు. ఎవరూ అంటే ఇంకో ఆడమనిషి అని అర్థం. ఇన్సులిన్ సూది వేయడం పాప తండ్రికి నేర్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. చేతకాక కాదు. అది తన పని అని ఎవరూ ఆయనకి చెప్పలేదు, నేను కూడా.

హైదరాబాద్ స్త్రీవాదులు 1991లో "సవాలక్ష సందేహాలు" పుస్తకం తెచ్చినప్పుడు, మన శరీరాల గురించి డాక్టర్ని ప్రశ్నించే హక్కు మనకుందని నేర్పారు. మన పిల్లల శరీరాల గురించి అడగాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. ఈ జబ్బున్న పిల్లలకి పదేళ్ళు నిండగానే ఏటా ఆ రెండు గంటల పరీక్ష ఎందుకు చేయరు? ఎత్తూ బరువూ రాసిన కాగితం తల్లి చేతికి ఎందుకివ్వరు? వదలని దగ్గు, జిడ్డు విరేచనాలు, ఉప్పు చెమట ఉన్న బక్క పిల్లని అంగన్‌వాడీ నుంచి చెమట పరీక్షకి ఎవరు పంపుతారు? ఆ పరీక్ష జిల్లా ఆస్పత్రిలో ఎప్పుడొస్తుంది? పెద్దవాళ్ళ షుగర్ కాగితం పిల్లల చేతికి ఇచ్చినందుకు జవాబు ఎవరు చెబుతారు?

ఇది చదువుతున్న మీలో అధ్యాపకులున్నారు, రచయితలున్నారు, అమ్మమ్మలూ అత్తలూ ఉన్నారు. ఎదగని పిల్లని చూసినప్పుడు మీ నోటి చివరికి కూడా ఆ ప్రశ్న వస్తుంది. నాకూ వచ్చేది, ఇతరుల పిల్లల్ని చూసినప్పుడు. ఆ ప్రశ్నని మింగేసి, "ఏ పరీక్షలు చేశారు?" అని అడగండి. ఆ తల్లితో పాటు ఆస్పత్రికి వెళ్ళండి. కాగితం చేతికిచ్చి పంపేయబోతే మీరూ కూర్చుని అడగండి.

మొన్న పుట్టినరోజుకి మా పాప నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి నా ఎత్తు గీత గీసింది. "ఇదీ నా టార్గెట్టమ్మా" అంది. ఇంకా జానెడు దూరముంది. పదకొండో ఏట పోయిన ఎత్తు మొత్తం తిరిగి రాదేమో. గీత గీశాక అది వెళ్ళి తనే సూది వేసుకుని, రెండు చెంచాల నెయ్యి వేసుకుని, అన్నానికి కూర్చుంది.